ఫార్మాట్ సెకన్లలో, నెమ్మది గంటల తరబడి: కొత్త డిస్క్‌ను సరిగ్గా సిద్ధం చేయడం ఎలా

లినక్స్‌లో ఒక టీబీ డిస్క్‌ను ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌తో ఫార్మాట్ చేస్తే కొన్ని సెకన్లలోనే ప్రాంప్ట్ తిరిగి వచ్చేస్తుంది. అసలు తంటా మౌంట్ చేశాక మొదలవుతుంది. ఎవరూ ఏమీ రాయకపోయినా డిస్క్ మీద రైట్లు కనిపిస్తుంటాయి. డేటాబేస్ కమిట్లు ఉన్నట్టుండి లాగుతాయి. పొద్దున నడిపిన బెంచ్‌మార్క్‌కూ సాయంత్రం నడిపినదానికీ పొంతన ఉండదు. డిస్క్‌లోనే లోపం ఉందనుకుని దాన్ని మార్చేసేవాళ్లు చాలామందే ఉన్నారు.

చాలాసార్లు కారణం ఫార్మాట్ కమాండ్‌లోనే ఉంటుంది. ఫార్మాట్ సమయంలో చేయకుండా వదిలేసిన పని ఒక అప్పు. అది రద్దు కాదు. మీ అప్లికేషన్ నడిచే వేళ కొద్దికొద్దిగా వసూలవుతుంది. ఎప్పుడు కట్టాలో మీరే నిర్ణయించుకుంటే ఈ ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఉండవు.

చదివే ముందు ఒక మాట: కమాండ్లను పలికే తీరులో తెలుగు లిపిలో ఇచ్చాం. టెర్మినల్‌లో మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. క్యాపిటల్ అక్షరం కావలసిన చోట విడిగా చెప్పాం. ఎంబీ, జీబీ, టీబీ అన్నీ 1024 లెక్కలో ఉన్నాయి. ఉదాహరణలకు /డెవ్/ఎస్‌డీబీ1 అనే పార్టిషన్‌ను, /డేటా అనే మౌంట్ పాయింట్‌ను తీసుకున్నాం.

వాయిదా పడే పని ఎంత?

ఈఎక్స్‌టీ4 డిస్క్‌ను బ్లాక్ గ్రూపులుగా విడగొడుతుంది. 4 కేబీ బ్లాకులైతే ఒక్కో గ్రూపు 128 ఎంబీ. ప్రతి గ్రూపుకూ సొంత ఐనోడ్ టేబుల్ ఉంటుంది (ఐనోడ్ అంటే ఒక ఫైలు వివరాలు ఉండే రికార్డు). డిఫాల్ట్‌గా ప్రతి 16,384 బైట్ల జాగాకు ఒక ఐనోడ్, ఒక్కో ఐనోడ్ 256 బైట్లు. అంటే గ్రూపుకు 8,192 ఐనోడ్లు, 2 ఎంబీ టేబుల్. 1 టీబీ డిస్క్‌లో 8,192 గ్రూపులు ఉంటాయి కాబట్టి ఐనోడ్ టేబుళ్లకే 16 జీబీ పోతుంది.

ఈ 16 జీబీని సున్నాలతో నింపాలి. లేకపోతే గ్రూప్ డిస్క్రిప్టర్ (ఆ గ్రూపు వివరాలు ఉండే రికార్డు) దెబ్బతిన్న రోజున, ఆ జాగాలో మిగిలిపోయిన పాత చెత్తను ఫైల్‌సిస్టమ్ చెకర్ నిజమైన ఐనోడ్లనుకునే ప్రమాదం ఉంది. ఒకప్పుడు ఫార్మాట్ కమాండే ఇదంతా నింపి గానీ వదిలేది కాదు. 2011 జనవరిలో వచ్చిన 2.6.37 కెర్నెల్‌తో ఈ పనిని మౌంట్ తర్వాతకు నెట్టే వీలు వచ్చింది. రీడ్-రైట్‌గా మౌంట్ చేయగానే ఈఎక్స్‌టీ4లేజీఇనిట్ అనే కెర్నెల్ థ్రెడ్ లేచి, ఒక్కో గ్రూపునూ నింపుతూ పోతుంది. మీ ప్రోగ్రామ్ ఏదీ రాయకపోయినా ఐఓటాప్ (డిస్క్ రీడ్లను, రైట్లను చూపే టూల్)లో కనిపించే రైట్లు దీనివే.

ఈ థ్రెడ్ మర్యాదగానే నడుస్తుంది. ఒక గ్రూపు నింపడానికి ఎంత సమయం పట్టిందో దానికి పది రెట్లు ఆగి తర్వాతి గ్రూపుకు వెళ్తుంది. ఆ మర్యాద వల్లే పని ఇంతసేపు సాగుతుంది. సెకనుకు 125 ఎంబీ ఇచ్చే క్లౌడ్ డిస్క్ (అమెజాన్ జీపీ3 వాల్యూమ్‌కు అదనంగా కొనకపోతే వచ్చే వేగం ఇదే) తీసుకోండి. 2 ఎంబీ రాయడానికి 16 మిల్లీసెకన్లు, ఆగడానికి 160. మొత్తం 176 మిల్లీసెకన్లను 8,192తో గుణిస్తే 24 నిమిషాలు. అదే పనిని ఏకబిగిన చేస్తే రెండు నిమిషాల పది సెకన్లు. తిరిగే పెద్ద హార్డ్ డిస్క్ మీద హెడ్ కూడా కదలాలి కాబట్టి గంటలు పట్టవచ్చు. అన్‌మౌంట్ చేస్తే థ్రెడ్ ఆగిపోయి, మళ్లీ మౌంట్ చేసినప్పుడు మిగిలిన చోటి నుంచి అందుకుంటుంది. రోజూ పది నిమిషాలు తగిలించి తీసేసే ఎక్స్‌టర్నల్ డిస్క్ వారం తర్వాత కూడా గరగరమనడానికి కారణం అదే.

1. ముందు డిస్క్ ఏం చెబుతుందో చూడండి

```
ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఎఫ్ /డెవ్/ఎస్‌డీబీ
ఎల్‌ఎస్‌బీఎల్‌కే -టీ /డెవ్/ఎస్‌డీబీ
ఎల్‌ఎస్‌బీఎల్‌కే -డీ /డెవ్/ఎస్‌డీబీ
```

మొదటిది, డిస్క్ మీద ఇప్పటికే ఏదైనా ఫైల్‌సిస్టమ్ ఉందా అని. ఉంటే ఇక్కడే ఆగి ఇంకోసారి ఆలోచించండి. ఈ వ్యాసంలో చాలా కమాండ్లు డేటాను తుడిచేస్తాయి. రెండోదాంట్లో ఫిజికల్ సెక్టార్ సైజు, మినిమమ్ ఐఓ, ఆప్టిమల్ ఐఓ అంకెలు రాసి పెట్టుకోండి. రెయిడ్ (కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా వాడే ఏర్పాటు) దగ్గర అవి కావాలి. మూడోదాంట్లో డీ క్యాపిటల్. డిస్కార్డ్ కాలమ్‌లు సున్నాలైతే డిస్కార్డ్‌ను (ఏ బ్లాకులు ఖాళీయో చెప్పే సందేశాన్ని) డిస్క్ అందుకోదని అర్థం.

పార్టిషన్ 1 ఎంబీ దగ్గర, అంటే 512 బైట్ల లెక్కలో 2048వ సెక్టార్ దగ్గర మొదలవ్వాలి. ఇప్పటి పార్టిషన్ టూల్స్ మామూలుగా అలాగే చేస్తాయి. పాత డిస్క్ ఇమేజ్‌లలో మాత్రం 63వ సెక్టార్ దగ్గర మొదలైన పార్టిషన్లు ఇంకా దొరుకుతుంటాయి. 4 కేబీ ఫిజికల్ సెక్టార్ ఉన్న డిస్క్ మీద అలా ఉంటే ప్రతి 4 కేబీ రైట్ రెండు సెక్టార్లను తాకుతుంది. డిస్క్ ముందు చదివి, మార్చి, మళ్లీ రాయాలి. దాని మీద ఎన్ని ట్యూనింగ్‌లు చేసినా దండగే. పార్టెడ్‌లో అలైన్-చెక్ ఆప్టిమల్ 1 అని కొడితే సరిగ్గా ఉందో లేదో చెబుతుంది.

2. డిస్కార్డ్ కావాలా వద్దా తేల్చుకోండి

ఫార్మాట్ చేస్తున్నప్పుడు డిస్కార్డింగ్ డివైస్ బ్లాక్స్ అనే వరుస కనిపిస్తుంది. డిస్క్ మొత్తం ఖాళీ అని ఎస్‌ఎస్‌డీకి చెప్పే పని అది, డిఫాల్ట్‌గా జరుగుతుంది. వాడేసిన ఎస్‌ఎస్‌డీని మళ్లీ ఫార్మాట్ చేస్తుంటే దీన్ని తప్పకుండా జరగనివ్వండి. ఖాళీ బ్లాకులు ఏవో తెలిసిన ఎస్‌ఎస్‌డీకి లోపల గార్బేజ్ కలెక్షన్ భారం తగ్గుతుంది, రైట్ లేటెన్సీ నిలకడగా ఉంటుంది.

నెట్‌వర్క్ స్టోరేజ్ మీదో, కొన్ని రెయిడ్ కంట్రోలర్ల వెనకో ఈ వరుస నిమిషాల తరబడి కదలకపోవచ్చు. అప్పుడే తయారుచేసిన కొత్త ఖాళీ వాల్యూమ్ అయితే డిస్కార్డ్ చేయడానికి ఏమీ లేదు, ఆపేయండి. ఈఎక్స్‌టీ4కు క్యాపిటల్ -ఈ తర్వాత నోడిస్కార్డ్, ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే మరో ఫైల్‌సిస్టమ్‌కు క్యాపిటల్ -కే. డిస్కార్డ్ అయిన బ్లాకులు చదివితే సున్నాలే వస్తాయని మాత్రం లెక్క వేసుకోవద్దు. ఆ హామీ ప్రతి డిస్కూ ఇవ్వదు.

3. ఐనోడ్ల సంఖ్య నిర్ణయించండి

దీని మీద పెట్టాల్సినంత దృష్టి ఎవరూ పెట్టరు. వాయిదా పడే పని సైజును నిర్ణయించేది ఇదే.

1 టీబీకి డిఫాల్ట్‌గా సుమారు 6 కోట్ల 71 లక్షల ఐనోడ్లు వస్తాయి. వీడియోలు, బ్యాకప్ ఫైళ్లు, వర్చువల్ మెషీన్ ఇమేజ్‌లు పెట్టుకునే డిస్క్‌కు అన్ని ఎందుకు? క్యాపిటల్ -టీ తర్వాత లార్జ్‌ఫైల్ అని ఇస్తే ప్రతి 1 ఎంబీకి ఒక ఐనోడ్. అంటే 1 టీబీకి 10,48,576 ఐనోడ్లు. టేబుళ్లు 16 జీబీ నుంచి 256 ఎంబీకి దిగుతాయి. లేజీ ఇనిట్ (సున్నాలు నింపడాన్ని వాయిదా వేసే పద్ధతి) ఉన్నా లేకపోయినా తేడా తెలియనంత చిన్న పని అయిపోతుంది, పైగా 15 జీబీకి పైగా జాగా మిగులుతుంది. డేటాబేస్ సర్వర్‌కు మధ్యేమార్గంగా -ఐ 65536 బాగుంటుంది: 4 జీబీ టేబుళ్లు, కోటీ 67 లక్షల ఐనోడ్లు.

తగ్గించేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. ఉన్న ఫైల్‌సిస్టమ్‌కు తర్వాత ఐనోడ్లు విడిగా కలపడం కుదరదు. మెయిల్ సర్వర్, కంటైనర్ లేయర్లు, నోడ్ మాడ్యూళ్లు, సెషన్ ఫైళ్లు ఉండే డిస్క్‌లో చిన్న ఫైళ్లు లక్షల్లో పోగుపడతాయి. జాగా సగం ఖాళీగా ఉండగానే డిస్క్ నిండిందనే ఎర్రర్ వస్తుంది. డీఎఫ్ -ఐ కొడితే 100 శాతం కనిపిస్తుంది, ఇక ఫైళ్లు తీసేయడం, డిస్క్ పెంచడం లేదా మళ్లీ ఫార్మాట్ చేయడం తప్ప చేసేదేమీ ఉండదు. ఏ ఫైళ్లు వస్తాయో తెలియకపోతే డిఫాల్ట్‌ను కదపకండి.

4 టీబీ దాటితే ఫార్మాట్ టూల్ తనే ఈ నిష్పత్తిని 32,768కి, 16 టీబీ దాటితే 65,536కి మారుస్తుంది.

4. అప్పు ఇప్పుడే కట్టేసి ఫార్మాట్ చేయండి

డేటాబేస్, మెసేజ్ క్యూ, లేటెన్సీ కొలవబోయే ఏ డిస్క్ అయినా సరే:

```
ఎంకేఎఫ్‌ఎస్.ఈఎక్స్‌టీ4 -ఈ లేజీ_ఐటేబుల్_ఇనిట్=0,లేజీ_జర్నల్_ఇనిట్=0 -ఐ 65536 -ఎం 1 /డెవ్/ఎస్‌డీబీ1
```

ఇందులో -ఈ మాత్రమే క్యాపిటల్. కామా తర్వాత ఖాళీ వదలకూడదు.

లేజీ_ఐటేబుల్_ఇనిట్=0 అంటే ఐనోడ్ టేబుళ్లన్నీ ఇప్పుడే నింపమని. పైన చెప్పిన క్లౌడ్ డిస్క్ మీద డిఫాల్ట్ ఐనోడ్లకైతే రెండు నిమిషాల పైన, -ఐ 65536తో అర నిమిషం. 8 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌కు ఏడెనిమిది నిమిషాలు పడుతుందనుకోండి. సర్వర్ ఏళ్ల తరబడి నడుస్తుంది. మొదటి రోజు ఈ నిమిషాలు ఇవ్వడానికి వెనకాడాల్సిన పని లేదు.

లేజీ_జర్నల్_ఇనిట్ సంగతి వేరు. జర్నల్ అంటే మార్పులను అసలు చోటుకు చేర్చే ముందు రాసిపెట్టుకునే జాగా. అది డిఫాల్ట్‌గా 1 జీబీకి మించదు, సెకనుకు 125 ఎంబీతో 8 సెకన్ల పని. ఆ 8 సెకన్లు మిగుల్చుకోవడానికి జర్నల్‌ను నింపకుండా వదిలేస్తే, అది ఒక చుట్టు పూర్తిగా రాయబడే లోపు కరెంటు పోయినప్పుడు చిన్న ప్రమాదం ఉంటుంది. ముఖ్యంగా అంతకుముందు వేరే ఫైల్‌సిస్టమ్ ఉన్న డిస్క్ మీద. ఈ బేరం ఎప్పుడూ లాభం కాదు, సున్నాయే పెట్టండి.

-ఎం 1 అంటే రూట్ కోసం ఉంచే జాగా 1 శాతం. డిఫాల్ట్ 5 శాతం, 1 టీబీలో 51 జీబీ. డేటా డిస్క్‌కు అంత అక్కర్లేదు. దీన్ని ట్యూన్2ఎఫ్‌ఎస్‌తో ఎప్పుడైనా మార్చుకోవచ్చు, కాబట్టి దీని గురించి ఎక్కువ ఆలోచించకండి.

లేజీ పద్ధతే సరైన చోట్లు కూడా ఉన్నాయి. ఇరవై నిమిషాలు బతికి పోయే టెస్ట్ మెషీన్‌కు 16 జీబీ సున్నాలు రాయడం వృథా. అక్కడ ఫార్మాట్‌ను లేజీగా వదిలి, నోఇనిట్_ఐటేబుల్ అనే ఆప్షన్‌తో మౌంట్ చేయండి, సున్నాలు నింపే పని మొదలవనే మొదలవదు. థిన్ ప్రొవిజనింగ్ (రాసినప్పుడే జాగా కేటాయించే పద్ధతి) ఉన్న స్టోరేజ్ మీద సున్నాలు రాస్తే అవి నిజంగా జాగా ఆక్రమించే అవకాశం ఉంది. స్టోరేజ్ కొత్తదనీ, చదివితే సున్నాలే వస్తాయనీ ఖాయంగా తెలిసినప్పుడు, కొత్త ఈ2ఎఫ్‌ఎస్‌ప్రోగ్స్ (ఈఎక్స్‌టీ4 టూల్స్ ప్యాకేజీ)లో అస్యూమ్_స్టోరేజ్_ప్రీజీరోడ్=1 అనే ఎక్స్‌టెండెడ్ ఆప్షన్ వాడొచ్చు. అది ఏమీ రాయకుండానే టేబుళ్లన్నీ నిండినట్టు గుర్తు పెడుతుంది. వాడేసిన డిస్క్ మీద దీన్ని వాడితే కోరి ముప్పు తెచ్చుకున్నట్టే.

5. ఇప్పటికే లేజీగా ఫార్మాట్ అయిపోతే

డేటా ఎక్కించేసిన డిస్క్‌ను మళ్లీ ఫార్మాట్ చేయనక్కర్లేదు. ఇంకా ఎంత మిగిలిందో చూడండి:

```
డంప్‌ఈ2ఎఫ్‌ఎస్ /డెవ్/ఎస్‌డీబీ1 | గ్రెప్ -సీ ఐటేబుల్_జీరోడ్
```

గ్రెప్‌కు ఇచ్చే పదం మొత్తం క్యాపిటల్ అక్షరాల్లో ఉండాలి. వచ్చిన అంకెను మొత్తం గ్రూపుల సంఖ్యతో పోల్చండి. 1 టీబీకి 8,192 రావాలి. గ్రెప్ లేకుండా చూస్తే ఒక్కో గ్రూపుకు ఇలాంటి వరుస కనిపిస్తుంది:

```
గ్రూప్ 5: (బ్లాక్స్ 163840-196607) [ఐనోడ్_అన్‌ఇనిట్, బ్లాక్_అన్‌ఇనిట్]
```

దీన్ని చాలామంది తప్పుగా చదువుతారు. ఐనోడ్_అన్‌ఇనిట్ అంటే ఆ గ్రూపులో ఇంతవరకూ ఒక్క ఐనోడ్ కూడా వాడలేదని. బ్లాక్_అన్‌ఇనిట్ అంటే బ్లాక్ బిట్‌మ్యాప్ (ఏ బ్లాకులు వాడుకలో ఉన్నాయో చూపే పట్టిక) ఇంకా రాయలేదని. పని అంతా ముగిశాక కూడా ఖాళీ గ్రూపుల్లో ఈ రెండూ ఉంటాయి, ఉండాలి కూడా. మీరు చూడాల్సింది ఐటేబుల్_జీరోడ్ ఉందా లేదా అన్నదే. పై వరుసలో అది లేదు, అంటే ఐదో గ్రూపు బాకీ ఉంది.

ట్రాఫిక్ తక్కువ ఉన్న వేళ చూసుకుని, ఆగే సమయాన్ని సున్నా చేయండి:

```
మౌంట్ -ఓ రీమౌంట్,ఇనిట్_ఐటేబుల్=0 /డేటా
```

అన్‌మౌంట్ అక్కర్లేదు. కెర్నెల్ కొత్త గుణకాన్ని వెంటనే తీసుకుంటుంది, మిగిలిన గ్రూపులన్నీ ఆగకుండా నిండిపోతాయి. ఆ కాసేపు డిస్క్ బిజీగా ఉంటుంది. ఈలోపు రద్దీ వేళ వచ్చేస్తే రీమౌంట్,నోఇనిట్_ఐటేబుల్ అని ఆపేసి, రాత్రికి మళ్లీ మొదలుపెట్టండి.

అన్ని గ్రూపులూ నిండినా, ప్రతి మౌంట్ తర్వాతా ఈఎక్స్‌టీ4లేజీఇనిట్ కాసేపు కనిపిస్తోందా? కంగారు పడకండి. కొత్త కెర్నెళ్లలో బ్లాక్ బిట్‌మ్యాప్‌లను ముందుగానే మెమరీలోకి తెచ్చే పని కూడా ఈ థ్రెడ్‌దే. రైట్లు జరుగుతున్నాయా రీడ్లు జరుగుతున్నాయా అన్నది ఐఓస్టాట్‌లో చూస్తే తేలిపోతుంది. ఆ రీడ్లు మీకు మేలే చేస్తాయి. అవి లేకపోతే పెద్ద డిస్క్ మీద మౌంట్ తర్వాత మొదటి పెద్ద రైట్ ఖాళీ జాగా వెతుక్కుంటూ నిలబడిపోతుంది.

6. చిన్న ఇమేజ్‌ను పెంచి వాడుతున్నారా? జర్నల్, ఏజీలు చూడండి

క్లౌడ్ ఇమేజ్‌లు 2 జీబీ, 8 జీబీ సైజులో తయారవుతాయి. మెషీన్ లేవగానే ఫైల్‌సిస్టమ్ డిస్క్ సైజుకు సాగుతుంది. జాగా పెరుగుతుంది గానీ, ఫార్మాట్ రోజున కుదిరిన కొన్ని కొలతలు అలాగే ఉండిపోతాయి.

ఈఎక్స్‌టీ4లో అది జర్నల్. 8 జీబీ ఫైల్‌సిస్టమ్‌కు 64 ఎంబీ జర్నల్ వస్తుంది. 128 జీబీ, అంతకు మించితే 1 జీబీ. 8 జీబీని 500 జీబీకి సాగదీసినా జర్నల్ 64 ఎంబీయే. చిన్న ఫైళ్లు ఎక్కువగా సృష్టించి తీసేసే పనిలో అది త్వరగా నిండిపోతుంది. అప్పుడు పాత మార్పులు అసలు చోటుకు చేరి జర్నల్‌లో జాగా అయ్యేదాకా కొత్త ఆపరేషన్లన్నీ ఆగాలి. గ్రాఫ్‌లో ఇది క్రమం తప్పకుండా వచ్చే ముల్లులా కనిపిస్తుంది. డంప్‌ఈ2ఎఫ్‌ఎస్ -హెచ్ కొట్టి జర్నల్ సైజు చూడండి. పెంచాలంటే బ్యాకప్ తీసుకుని, అన్‌మౌంట్ చేసి, వరుసగా:

```
ట్యూన్2ఎఫ్‌ఎస్ -ఓ ^హ్యాజ్_జర్నల్ /డెవ్/ఎస్‌డీబీ1
ఈ2ఎఫ్‌ఎస్‌సీకే -ఎఫ్ /డెవ్/ఎస్‌డీబీ1
ట్యూన్2ఎఫ్‌ఎస్ -జే సైజ్=1024 /డెవ్/ఎస్‌డీబీ1
```

-ఓ, -జే రెండూ క్యాపిటల్. 1024 అంటే ఎంబీలలో. రూట్ డిస్క్ అయితే రెస్క్యూ మోడ్ నుంచో, డిస్క్‌ను వేరే మెషీన్‌కు తగిలించో చేయాలి.

ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఐనోడ్లను అవసరమైనప్పుడే సృష్టించుకుంటుంది. అందుకే లేజీ ఐనోడ్ టేబుల్ గొడవే దానికి లేదు, ఫార్మాట్ చేశాక వెనక పని ఏమీ మిగలదు. దాని సమస్య సాగదీసినప్పుడే వస్తుంది. అది డిస్క్‌ను అలొకేషన్ గ్రూపులుగా, ఏజీలుగా, విడగొడుతుంది. 1 టీబీని నేరుగా ఫార్మాట్ చేస్తే సాధారణంగా నాలుగు ఏజీలు, ఒక్కోటి 256 జీబీ. 2 జీబీగా ఫార్మాట్ చేస్తే నాలుగే, కానీ ఒక్కోటి 512 ఎంబీ. ఆ తర్వాత 1 టీబీకి సాగదీస్తే ఏజీ సైజు మారదు, సంఖ్య 2,048 అవుతుంది. ఖాళీ జాగా అన్ని ముక్కల్లో చెల్లాచెదురవుతుంది. డిస్క్ నిండుతున్న కొద్దీ జాగా కోసం ఒక్కో ఏజీనీ తట్టి చూడటానికే సమయం పోతుంది. లాగ్ కూడా 2 జీబీకి తగిన చిన్న సైజులోనే ఉండిపోతుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో లోపలి లాగ్‌ను తర్వాత పెంచే దారి లేదు.

ఎక్స్‌ఎఫ్‌ఎస్_ఇన్ఫో /డేటా కొట్టి ఏజీకౌంట్ చూడండి. వందల్లో ఉంటే కొత్త డిస్క్‌ను అసలు సైజులోనే ఫార్మాట్ చేసి డేటాను అందులోకి మార్చండి. రూట్ డిస్క్ చిన్నదిగా ఉంచి, డేటా కోసం వేరే వాల్యూమ్ తీసుకుంటే ఈ చిక్కు రాదు.

7. రెయిడ్ ఉంటే స్ట్రైప్ లెక్క

లినక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్ తన కొలతలను ఫార్మాట్ టూల్‌కు తనే చెబుతుంది, మీరు ఏమీ ఇవ్వనక్కర్లేదు. హార్డ్‌వేర్ కంట్రోలర్ వెనక ఉన్నప్పుడు మొదటి మెట్టులో రాసుకున్న ఆప్టిమల్ ఐఓ సున్నా అయితే మీరే ఇవ్వాలి. చంక్ (ఒక్కో డిస్క్ మీద వరుసగా రాసే ముక్క) 512 కేబీ, నాలుగు డిస్కుల రెయిడ్5 అనుకుందాం. స్ట్రైడ్ అంటే చంక్‌ను బ్లాక్ సైజుతో భాగించినది: 512/4 = 128. రెయిడ్5లో ఒక డిస్క్ అంత జాగా ప్యారిటీకి (ఒక డిస్క్ పోతే డేటాను తిరిగి రాబట్టే లెక్కకు) పోతుంది కాబట్టి మిగిలిన మూడింటితో గుణిస్తే స్ట్రైప్ విడ్త్ 384.

```
ఎంకేఎఫ్‌ఎస్.ఈఎక్స్‌టీ4 -ఈ స్ట్రైడ్=128,స్ట్రైప్_విడ్త్=384,లేజీ_ఐటేబుల్_ఇనిట్=0 /డెవ్/ఎస్‌డీబీ1
ఎంకేఎఫ్‌ఎస్.ఎక్స్‌ఎఫ్‌ఎస్ -డీ ఎస్‌యూ=512కే,ఎస్‌డబ్ల్యూ=3 /డెవ్/ఎస్‌డీబీ1
```

మొదటిదాంట్లో -ఈ ఇక్కడా క్యాపిటలే. రెండోదాంట్లో లాగ్ స్ట్రైప్ యూనిట్ మరీ పెద్దదనీ, దాన్ని 32 కేబీకి మార్చామనీ ఒక సందేశం వస్తుంది. అది మామూలే, లాగ్‌కు గరిష్ఠం 256 కేబీ. మొత్తం డిస్కుల సంఖ్యతో గుణించి ప్యారిటీ డిస్క్‌ను మరిచిపోవడం ఇక్కడ తరచూ జరిగే పొరపాటు. అప్పుడు నిండు స్ట్రైప్ అనుకుని రాసిన ప్రతిదీ ఒక స్ట్రైప్ దాటి పక్కదానిలోకి పొర్లుతుంది. ఆ పక్కదాని ప్యారిటీ కోసం పాత డేటా చదవాల్సి వస్తుంది.

కొత్త సాఫ్ట్‌వేర్ రెయిడ్5 సృష్టించగానే ప్యారిటీని కలిపే పని వెనక నడుస్తుంది. /ప్రాక్/ఎండీస్టాట్‌లో శాతం కనిపిస్తుంది. అది అయ్యేదాకా కొలిచిన ఏ అంకెనూ నమ్మకండి. త్వరగా ముగియాలని రెయిడ్5కు అస్యూమ్-క్లీన్ ఇవ్వకండి. ప్యారిటీ తప్పుగా ఉండి, ఒక డిస్క్ పోయిన రోజున డేటా పోతుంది.

8. ఫైల్‌సిస్టమ్ కింద ఉన్న బాకీ

మీరు ఈఎక్స్‌టీ4ను ఎంత శుభ్రంగా సిద్ధం చేసినా దాని కింది పొర కూడా వాయిదా వేస్తుండవచ్చు.

వీఎంవేర్‌లో థిక్ ప్రొవిజన్ లేజీ జీరోడ్ డిస్క్ అంటే జాగా ముందే కేటాయిస్తారు, సున్నాలు మాత్రం ఆ బ్లాక్‌ను మొదటిసారి రాసినప్పుడు నింపుతారు. ప్రతి కొత్త చోటా మొదటి రైట్ నెమ్మది. డేటాబేస్‌కు ఈగర్ జీరోడ్ ఎంచుకోండి. ఎల్‌వీఎం థిన్ పూల్ కూడా ప్రతి చంక్‌కూ మొదటి రైట్‌లోనే జాగా తీసుకుని, డిఫాల్ట్‌గా దాన్ని సున్నా చేస్తుంది.

అమెజాన్‌లో స్నాప్‌షాట్ నుంచి చేసిన ఈబీఎస్ వాల్యూమ్‌లో బ్లాకులు మీరు అడిగినప్పుడే ఎస్3 అనే స్టోరేజ్ నుంచి దిగుతాయి. ప్రతి బ్లాక్‌కూ మొదటి రీడ్ చాలా ఆలస్యం. ట్రాఫిక్ వదిలే ముందు ఎఫ్‌ఐఓ అనే డిస్క్ పరీక్ష టూల్‌తో మొత్తం ఒకసారి చదివేయండి:

```
ఎఫ్‌ఐఓ --ఫైల్‌నేమ్=/డెవ్/ఎన్‌వీఎంఈ1ఎన్1 --ఆర్‌డబ్ల్యూ=రీడ్ --బీఎస్=1ఎం --ఐఓడెప్త్=32 --ఐఓఇంజిన్=లిబ్‌ఏఐఓ --డైరెక్ట్=1 --నేమ్=ఇనిట్
```

ఆర్‌డబ్ల్యూ దగ్గర రీడ్ అని ఉందో లేదో ఎంటర్ కొట్టే ముందు ఇంకోసారి చూసుకోండి. అక్కడ రైట్ అని పడితే వాల్యూమ్ మొత్తం పోతుంది. స్నాప్‌షాట్ లేకుండా చేసిన ఖాళీ ఈబీఎస్ వాల్యూమ్‌కు ఇదేమీ అవసరం లేదు, అది మొదటి నిమిషం నుంచీ పూర్తి వేగంతోనే ఉంటుంది.

9. ఫైల్ స్థాయిలో: ఎఫ్‌అలొకేట్ చేసిన జాగా ఖాళీ వాగ్దానమే

ట్రాన్సాక్షన్ లాగ్ కోసం ముందే 1 జీబీ ఎఫ్‌అలొకేట్‌తో (ఫైలుకు జాగా ముందే కేటాయించే కాల్) తీసిపెట్టుకుంటే రైట్లు వేగంగా ఉంటాయనుకుంటాం. జాగా దొరుకుతుంది గానీ ఆ ఎక్స్‌టెంట్లన్నీ (జాగా ముక్కలు) ఇంకా రాయనివిగా గుర్తు పెట్టి ఉంటాయి. ప్రతి చోటా మొదటిసారి రాసినప్పుడు ఆ గుర్తు మార్చాలి. అది మెటాడేటా మార్పు, కాబట్టి ప్రతి ఎఫ్‌డేటాసింక్ (డేటాను డిస్క్‌కు చేర్చమనే కాల్) వెంట జర్నల్ కమిట్ కూడా పడుతుంది. అదే చోట రెండోసారి రాస్తే ఆ భారం ఉండదు. డేటా రాసి, డిస్క్ క్యాష్ ఫ్లష్ చేస్తే చాలు.

అందుకని ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ల మీద లాగ్ ఫైళ్లను నిజంగా సున్నాలు రాసే సిద్ధం చేయాలి:

```
డీడీ ఐఎఫ్=/డెవ్/జీరో ఓఎఫ్=/డేటా/లాగ్ బీఎస్=1ఎం కౌంట్=1024 కాన్వ్=ఎఫ్‌సింక్
```

ఇందులో 1ఎం దగ్గరి ఎం క్యాపిటల్. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఈ పని తనే చేస్తుంది. వాల్_ఇనిట్_జీరో అనే సెట్టింగ్ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉండి, 16 ఎంబీ వాల్ (ట్రాన్సాక్షన్ లాగ్) ఫైలును ముందే సున్నాలతో నింపుతుంది. దాన్ని ఆపేయమనే సలహా బీటీఆర్‌ఎఫ్‌ఎస్, జెడ్‌ఎఫ్‌ఎస్‌లకు వర్తిస్తుంది. అవి ప్రతి రైట్‌నూ కొత్త చోట రాస్తాయి కాబట్టి ముందు నింపి ప్రయోజనం లేదు. ఈఎక్స్‌టీ4 మీద ఆన్‌లోనే ఉంచండి.

10. ఇక కొలవండి

ఐటేబుల్_జీరోడ్ లెక్క సరిపోయింది, ఎండీస్టాట్ ప్రశాంతంగా ఉంది, ఏ అప్లికేషనూ నడవనప్పుడు ఐఓస్టాట్ -ఎక్స్ 1లో రైట్లు సున్నా దగ్గర ఉన్నాయి. ఈ మూడూ చూశాకే మొదలుపెట్టండి.

```
ఎఫ్‌ఐఓ --నేమ్=లాగ్ --ఫైల్‌నేమ్=/డేటా/టెస్ట్ --సైజ్=1జీ --ఆర్‌డబ్ల్యూ=రైట్ --బీఎస్=8కే --ఎఫ్‌డేటాసింక్=1 --ఓవర్‌రైట్=1 --రన్‌టైమ్=60 --టైమ్_బేస్డ్
```

ఓవర్‌రైట్=1 ఉంటే ఎఫ్‌ఐఓ ముందు ఫైలంతా రాసి, ఆ తర్వాతే కొలత మొదలుపెడుతుంది. దాన్ని తీసేసి కొత్త ఫైల్ పేరుతో ఇంకోసారి నడిపితే మొదటి రైట్ ఖర్చు ఎంతో విడిగా తెలుస్తుంది. ఫలితాల్లో సగటును వదిలేయండి. సింక్ విభాగంలో 99, 99.9 పర్సంటైల్ అంకెలు చూడండి. వెనక జరిగే సున్నాల పని సగటులో కలిసిపోతుంది, తోకలో, అంటే ఈ పర్సంటైల్ అంకెల్లో, దొరికిపోతుంది.

అంకెలు నచ్చి, ఇదే తీరు మిగతా సర్వర్లకూ కావాలంటే /ఈటీసీ/ఎంకేఈ2ఎఫ్‌ఎస్.కాన్ఫ్ ఫైల్లో డిఫాల్ట్స్ విభాగం కింద లేజీ_ఐటేబుల్_ఇనిట్ = 0 అని రాయండి. అప్పటి నుంచి ఆ మెషీన్‌లో ఎవరు ఫార్మాట్ చేసినా పూర్తిగానే అవుతుంది. ఇన్‌స్టాలర్లు, క్లౌడ్-ఇనిట్, కుబర్నెటీస్ స్టోరేజ్ డ్రైవర్ల విషయం వేరు. వాటిలో కొన్ని తమ సొంత ఆప్షన్లు ఇస్తాయి, కొన్ని తమ కంటైనర్ లోపలి కాన్ఫ్ ఫైలును చదువుతాయి. కాబట్టి అవి చేసిన మొదటి వాల్యూమ్‌ను డంప్‌ఈ2ఎఫ్‌ఎస్‌తో ఒకసారి తెరిచి చూసుకోండి.